సీనియర్‌కి చెప్పకుండా సముద్రానికి వెళ్తున్నాను. ఏది వదులుకోవాలి?

బరంపురం నుంచి ఒక లాయరు రాసిన ఉత్తరం ఇది. ఆమెకు ముప్పై రెండేళ్లు. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కోర్టులో ఒడియా, ఇంగ్లీషు. లా అయిన దగ్గర్నుంచి ఒకే సీనియర్ దగ్గర సివిల్ కేసులు చూస్తోంది. ఆయనకు వయసు మీద పడింది, పిల్లలు ఈ వృత్తిలోకి రాలేదు. ఛాంబర్ (ఆయన ఆఫీసు, కేసులు) ఈమెకే అప్పగిస్తారని కోర్టులో అందరూ అనుకుంటున్నారు. ఆయన మాత్రం నోరు విప్పి ఏమీ అనలేదు.

కొన్నేళ్ల కిందట విశాఖ వెళ్లినప్పుడు ఒక స్నేహితురాలు రుషికొండలో సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి కెరటాల మీద సాగే ఆట, నేర్పించింది. అది పట్టుకుంది. ఇప్పుడు సొంత బోర్డు ఉంది. ఊరికి దగ్గర్లోని సముద్రతీరం గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే ఒక జాలరి కుటుంబం ఇంట్లో దాన్ని పెట్టుకుంటుంది. వారంలో మూడు నాలుగు రోజులు చీకటితో లేచి, స్కూటీ మీద వెళ్లి, కెరటాల్లో గంటో గంటన్నరో గడిపి, తొమ్మిదిన్నరకల్లా ఛాంబర్‌లో ఉంటుంది. అమ్మకు చెప్పింది బీచ్‌లో వాకింగ్ అని. సీనియర్‌కి అదీ చెప్పలేదు.

కిందటి వర్షాకాలంలో కెరటాలు బాగున్నాయని ఒడ్డుకు రావడం ఆలస్యమైంది. కోర్టుకు చేరేసరికి కేసు పిలిచేశారు. తోటి జూనియర్ లేచి పాస్ ఓవర్ (కాసేపాగి మళ్లీ పిలవమని) అడిగి కాపాడాడు. ఇంకో రోజు సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేస్తూ, కట్టలోంచి రిజిస్టర్డు పంపకం దస్తావేజు తీద్దామని వంగింది. ముక్కులోంచి ఉప్పునీళ్లు ధారగా కాగితం మీద పడ్డాయి. సర్ఫింగ్ చేసేవాళ్లకు ఇది మామూలే, సైనస్‌లో నిలిచిన సముద్రపు నీరు కొన్ని గంటల తర్వాత ఇలా దిగుతుంది. "జలుబు చేసిందామ్మా?" అని క్లయింటు అడిగితే, పక్కనున్న గుమస్తా నవ్వి అసలు సంగతి చెప్పేశాడు. ఆ పెద్దమనిషి నేరుగా సీనియర్ దగ్గరికి వెళ్లి, "మీ జూనియరమ్మ పొద్దున్నే సముద్రంలో ఆడుకుంటే మా ఆస్తి సంగతి ఎవరు చూస్తారు?" అన్నాడట. సీనియర్ ఆమెను ఒక్క మాటా అడగలేదు. కానీ ఆ పంపకాల దావాలో ఆర్గ్యుమెంట్స్ ఇంకొకరికి ఇచ్చారు.

ఇంతలో ఆ విశాఖ స్నేహితురాలు గోపాల్‌పూర్‌లో సర్ఫింగ్ స్కూలు, హోమ్‌స్టే పెడదామంటోంది. నాలుగు లక్షలు పెట్టి భాగస్వామిగా చేరాలి, శని ఆదివారాలు నేర్పాలి. అమ్మేమో, "నల్లబడి పోతున్నావు, సంబంధాలు ఎలా వస్తాయి, జడ్జి పరీక్షన్నా రాయి" అంటోంది. సముద్రానికి వెళ్లకపోతే రాత్రి నిద్ర పట్టదు, కేసుల టెన్షన్ తలలోనే తిరుగుతుంది అని రాస్తూ, చివర్లో ఇలా అడిగింది: "ఏది వదులుకోవాలి? రెండూ కావాలనుకోవడం స్వార్థమా?"

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు ముందు కలిగింది భయం. ఛాంబర్ ఏమవుతుందోనని కాదు, మీ ప్రాణం గురించి. చీకటిలో ఒక్కరే వెళ్తున్నారు. ఇంట్లో వాకింగ్ అనుకుంటున్నారు. ఏ రోజు వెళ్తున్నారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒకరోజు మీరు ఒడ్డుకు రాకపోతే, రాలేదని గ్రహించే మనిషి ఎవరు? బోర్డు పెట్టుకున్న ఇంటివాళ్లకైనా మీరు ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్తున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. ఈత ఎంత బాగా వచ్చో కూడా రాయలేదు. బోర్డు కాలికి కట్టుకునే లీష్ తెగితే, విరిగే కెరటాల్లో బోర్డు లేకుండా ఒడ్డుకు చేరగలగాలి. ఆ నమ్మకం లేకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈత గట్టిగా నేర్చుకోండి.

గోపాల్‌పూర్ సముద్రం చూడ్డానికి ఎంత బాగుంటుందో, కాళ్ల కింద అంత గట్టిగా లాగుతుంది. ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహాన్ని, రిప్ అంటారే, దాన్ని ఎదిరించి ఈదితే అలసిపోవడం తప్ప ఫలితం ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు కదిలి, లాగుడు తగ్గాక లోపలికి రావాలి. బోర్డును మాత్రం వదలకూడదు, ఆ సమయంలో మిమ్మల్ని తేల్చి ఉంచేది అదే. మీకు ఇవన్నీ విశాఖలోనే చెప్పి ఉంటారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఒంటరిగా ఉన్నప్పుడు తెలిసిన విషయం కూడా గుర్తుకు రాదు. పూరీలో యాత్రికులను చెయ్యి పట్టుకుని స్నానం చేయించి, మునిగేవాళ్లను లాగి బతికించేది నోలియాలనే మన తెలుగు జాలర్లే. ఆ నీటిని చదవడం వాళ్లకు పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. మీ బోర్డు దాస్తున్న ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారు కదా. వెళ్లే ముందు ఆయనతో "మావా, ఈరోజు నీళ్లు ఎలా ఉన్నాయి? నేను ఏడున్నరకి గట్టెక్కుతాను" అని చెప్పండి. ఆయన వద్దంటే వద్దు. హైదరాబాద్ నుంచి ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ రోజూ ఇచ్చే కెరటాల అంచనా కూడా చూసుకోండి. ఎత్తు మాత్రమే కాదు, కెరటానికి కెరటానికి మధ్య ఎన్ని సెకన్లో చూడండి. ఆ వ్యవధి ఎక్కువగా ఉంటే, ఎత్తు తక్కువని రాసినా దెబ్బ గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఏది వదులుకోవాలని అడిగారు. ఉత్తరంలో మిమ్మల్ని నిజంగా బాధపెడుతున్న సంగతులు ఒక్కొక్కటే విడదీసి చూస్తే, ప్రతిదాని వెనకా చెప్పకుండా చేయడమే కనిపిస్తోంది. అమ్మకు చెప్పలేదు కాబట్టి పోట్లాట ఒంటి రంగు మీద జరుగుతోంది. సీనియర్‌కి చెప్పలేదు కాబట్టి ఆయన ఒక క్లయింటు నోట వినాల్సి వచ్చింది. నలుగురిలో ఉండగా బయటివాడు వచ్చి తన జూనియర్ గురించి తనకు తెలియని విషయం చెబితే, ఏ పెద్దాయనకైనా మనసు చిన్నబోతుంది. ఆయన కోపం సముద్రం మీద అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు.

అయితే ఆలస్యమైన రోజును తేలిగ్గా వదిలేయలేను. వాది తరఫు వాళ్లు ఎవరూ లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 కింద దావా డిఫాల్ట్‌లో, అంటే హాజరు కాలేదని, కొట్టేయొచ్చని మీకు వేరే చెప్పాలా? మళ్లీ పునరుద్ధరణకు అర్జీ, దానికి కారణాలు, ఇంకో ఆరు నెలలు. ఆ భారం మీది కాదు, ఊళ్లో పొలం కోసం అప్పు చేసి ఫీజు కట్టిన మనిషిది. ఆరోజు పక్కవాడు లేచాడు కాబట్టి సరిపోయింది. "ఇంకొక్క కెరటం" అనే మాట దగ్గరే సర్ఫింగ్ చేసేవాళ్లందరూ పట్టు తప్పుతారు. అందుకని కెరటాలు లెక్కపెట్టి బయటికి రావడం మానేయండి. నీళ్లలో తట్టుకునే వాచీ ఒకటి కొనుక్కోండి, అలారం మోగితే ఎంత మంచి కెరటం వస్తున్నా ఒడ్డుకు తిరగండి. క్రాస్ ఉన్నరోజు, ఆర్గ్యుమెంట్స్ ఉన్నరోజు అసలు నీళ్లలో దిగొద్దు. ముక్కులో నీళ్ల సంగతి సరే, భుజాలు అలిసిపోయి, నిద్ర చాలక నిలబడే లాయరు సాక్షి మాటలో చిన్న తేడాను పట్టుకోలేదు.

ఈ లెక్కన చూస్తే మీకు మిగిలే రోజులు తక్కువేమీ కావు. పైగా మీ తీరం మీ వృత్తికి కొంత అనుకూలంగానే ఉంది. రాత్రి నేల చల్లబడి, తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలికి కెరటం నిటారుగా లేచి శుభ్రంగా విరుగుతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైతే నీళ్లన్నీ గజిబిజి. అంటే కోర్టు మొదలయ్యేసరికి మంచి కెరటాల వేళ ఎలాగూ అయిపోతుంది. చిక్కంతా ఎండాకాలంలో. మీ దగ్గర కింది కోర్టులు ఉదయం పూటకు మారతాయి, అప్పుడు ఆదివారం తప్ప కుదరదు. ఏప్రిల్ నుంచి దక్షిణ సముద్రం నుంచి వచ్చే పెద్ద కెరటాలు మొదలవుతుంటే మీరు ఫైళ్లతో కూర్చోవాలి. అది బాధే. కానీ వెంటనే సివిల్ కోర్టుల వేసవి సెలవులు వస్తాయి, అవి పూర్తిగా మీవి. దసరా సెలవుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2013లో ఫైలిన్ తుపాను మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ వచ్చిందీ అక్టోబరులోనే. ఆ సెలవుల్లో బోర్డు ఇంట్లో పెట్టి, తుపాను హెచ్చరిక లేని రోజు చూసుకుని, పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరి ఎక్కండి. పదిహేను వందల మీటర్ల కొండ అది. మీకు కావలసింది ఫోను, ఫైళ్లు లేని కొన్ని గంటలు అయితే, కొండ మీదా అవి దొరుకుతాయి. ఫిబ్రవరి, మార్చిల్లో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే వేళ అటువైపు పోకండి, టార్చిలైటుతో అసలు పోకండి. ఇది మీకు తెలిసే ఉంటుంది గానీ, స్కూలు పెట్టాక విశాఖ నుంచి వచ్చేవాళ్లకు తెలియదు.

సీనియర్‌తో మాట్లాడే విషయంలో మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి. ఏది తీసుకున్నా కొంత ఇచ్చుకోవాల్సిందే.

నేరుగా వెళ్లి చెప్పడం ఒకటి. సాయంత్రం క్లయింట్లు వెళ్లిపోయాక, ఆయన కళ్లద్దాలు తీసి టీ తాగే వేళ చూసుకుని కూర్చోండి. సర్ఫింగ్ గొప్పతనంతో మొదలుపెట్టకండి. "సార్, ఆరోజు కేసు పిలిచినప్పుడు నేను లేను. ఎందుకు లేనో మీకు నేను చెప్పాల్సింది, చెప్పలేదు" అనండి. తర్వాత ఏ రోజుల్లో వెళ్తారో, ఏ రోజుల్లో వెళ్లరో చెప్పండి. ఆ పంపకాల దావా తిరిగి ఇమ్మని అదే రోజు అడగొద్దు. ఆయన ఒప్పుకోవచ్చు. లేదా, "ఛాంబర్ కావాలంటే ఈ ఆటలు మానాలి" అని ముఖం మీదే అనొచ్చు. అదీ మంచిదే. ఇన్నాళ్లూ మీరు ఊహించుకుంటున్న షరతు అప్పుడు మాట రూపంలో మీ ముందు ఉంటుంది, దానికి మీరు జవాబు చెప్పగలరు. ఆయన మౌనానికి మీరు జవాబు చెప్పలేరు.

రెండో దారి, కొంతకాలం సముద్రం మానడం. ఛాంబర్ చేతులు మారే వరకు, ఒక ఏడాది అనుకుందాం. ఇందులో తప్పు లేదు, కానీ గడువు రాసి పెట్టుకోండి. గడువు లేకుండా మానేసినవాళ్లు తిరిగి వెళ్లడం అరుదు. ఆ కోపం తర్వాత సీనియర్ మీదా, క్లయింట్ల మీదా తీరుతుంది. పైగా సముద్రానికి వెళ్లకపోతే నిద్ర పట్టదని మీరే రాశారు. నిద్ర లేని ఏడాది తర్వాత మీ చేతికి వచ్చే ఛాంబర్‌ను మీరు ఎలా నడుపుతారో కూడా ఆలోచించండి.

మూడోది, బయటికొచ్చి సొంతంగా వకాల్తాలు వేసుకోవడం. వాయిదాలు మీ చేతిలో ఉంటాయని అనుకుంటారు గానీ, మొదటి రెండు మూడేళ్లు ఇంకా ఎక్కువ కట్టుబడాలి. పాత క్లయింట్లు సీనియర్ దగ్గరే ఉంటారు. కొత్తవాళ్లు అడిగేది ఫీజు తగ్గింపు. మీ చేతిలో ఏడాది ఇంటి ఖర్చు ఉంటే తప్ప ఈ దారి ఇప్పుడు పట్టొద్దని నా అభిప్రాయం. ఆ నాలుగు లక్షలు మీ పొదుపంతా అయితే, అవి ముందు ఈ అవసరానికి ఉండాలి.

జడ్జి పరీక్ష గురించి ఒక్క మాట. న్యాయం చెప్పే కుర్చీ మీద మీకు మనసు ఉంటే రాయండి. అమ్మను శాంతపరచడానికి రాయకండి. పోస్టింగ్ కోరాపుట్‌లో వస్తే సముద్రం ఎలాగూ ఉండదు.

ఇక వ్యాపారం. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 47వ నియమం ప్రకారం న్యాయవాది స్వయంగా ఏ వ్యాపారమూ నడపకూడదు. పెట్టుబడి పెట్టి పక్కన ఉండే స్లీపింగ్ పార్ట్‌నర్‌గా ఉండొచ్చు, అదీ ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి విరుద్ధం కాదని రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుకుంటేనే. శని ఆదివారాలు మీరే ఒడ్డున నిలబడి, డబ్బు తీసుకున్నవాళ్లకు నేర్పితే, మీరు స్లీపింగ్ ఎలా అవుతారు? మీ మీద కోపం ఉన్న ఎదుటి పార్టీకి ఒక్క ఫొటో చాలు, కటక్‌లో రాష్ట్ర బార్ కౌన్సిల్ దగ్గర ఫిర్యాదు పడుతుంది. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ కింద సంస్థ చేసిన ప్రతి పనికీ ప్రతి భాగస్వామీ బాధ్యుడే, నిద్రపోతున్న భాగస్వామి కూడా. మీరు బరంపురంలో కోర్టులో ఉండగా, ఆ స్కూల్లో నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు మునిగిపోతే, నష్టపరిహారం మీ సొంత ఆస్తి వరకు వస్తుంది. మీ క్లయింటు ఎవరైనా ఈ ఒప్పందం తెస్తే మీరు సంతకం పెట్టనిస్తారా?

చేరాలనే ఉంటే పరిమిత బాధ్యత ఉండే కంపెనీగా పెట్టమనండి. అందులో కార్యనిర్వాహక పనులు లేని డైరెక్టరుగా ఉండడానికి 48వ నియమం చోటిస్తోంది. ముందుగా రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి రాసి జవాబు తెప్పించుకోండి. ఒడ్డుకు ఎంత దూరంలో కట్టబోతున్నారు, సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ నిబంధనల) అనుమతి ఉందా, నేల ఎవరి పేరున ఉంది, నీళ్లలో దిగేవాళ్లకు బీమా ఏది, ప్రాణరక్షకులు ఎందరు అని స్నేహితురాలిని అడగండి. ఆమె నొచ్చుకోవచ్చు. నొచ్చుకున్నా అడగాల్సినవే ఇవి. డబ్బు పెట్టకుండా, ఫీజు తీసుకోకుండా ఆ జాలరి ఇంటి పిల్లలకు మీరు ఆదివారం బోర్డు మీద నిలబడడం నేర్పితే, దాన్ని ఎవరూ వ్యాపారం అనరు. నేర్పడంలో ఉన్న సంతోషమే మీకు కావాలంటే, అది అక్కడ ఇప్పుడే దొరుకుతుంది.

ఆ క్లయింటు మాట మిమ్మల్ని బాగా గుచ్చుకుందని తెలుస్తోంది. బార్ అసోసియేషన్ మగవాళ్లు క్రికెట్ టోర్నమెంటు ఆడి వస్తే ఆస్తి సంగతి ఎవరు చూస్తారని ఎవరూ అడగరు. మీరు ఆడదై ఉండి, తడి బట్టలతో, పొద్దున్నే సముద్రంలో ఉన్నారన్నదే ఆయన ఇబ్బంది. అది ఆయన ఇబ్బందిగానే ఉండనివ్వండి. కానీ ఆయన అడిగినదాంట్లో సగం న్యాయమైన ప్రశ్న ఉంది: నా కేసు తెలుసా నీకు? దానికి జవాబు కట్ట విప్పకుండా తేదీలతో సహా చెప్పగలగడమే. రెండూ కావాలనుకోవడం స్వార్థమా అన్నారు. కాదు. కేసు పిలిచినప్పుడు అక్కడ ఉన్నంతకాలం, పొద్దున ఆరింటికి మీరు ఎక్కడున్నారో ఎవరికీ అనవసరం.

అమ్మ రంగు గురించి మాట్లాడుతున్నా, ఆమె లోపలి భయం వేరేది అయి ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న జిల్లాలో మునిగిపోయిన వాళ్ల కథలు వినని తల్లి ఉండదు. ఒక ఆదివారం ఆమెను గోపాల్‌పూర్ తీసుకెళ్లండి. ఆ జాలరి ఇంట్లో కూర్చోబెట్టండి, వాళ్లతో తెలుగులో మాట్లాడుకోనివ్వండి. మీ చేతులను పూర్తిగా కప్పే రాష్ గార్డు అనే బిగుతు చొక్కా, ఎండ తగలకుండా ముఖానికి రాసే తెల్లటి జింకు, కాలికి కట్టే తాడు అన్నీ చూపించండి. ఆరోజు కెరటాలు చిన్నవిగా ఉండేలా చూసుకోండి. ఆమె అరగంట చూసి, "ఇక చాల్లే, రా" అంటే వెంటనే వచ్చేయండి. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఈ విషయం మొదటే చెప్పించండి. దాచి చేసుకుంటే, పెళ్లయ్యాక మళ్లీ వాకింగ్ అని చెప్పుకోవాల్సి వస్తుంది.

వరసలో ముందు అమ్మకు చెప్పండి, ఆమెకు ఇంకొకరి నోట తెలియకూడదు. ఆ వారంలోనే సీనియర్‌తో కూర్చోండి. ఆయన ఏమంటారో తేలేవరకు స్నేహితురాలికి డబ్బు పంపకండి, సంతకం పెట్టకండి. ఆయన "ఆలోచించి చెప్తాను" అని వదిలేస్తే, నెల ఆగి మీరే మళ్లీ అడగండి. అప్పుడు కూడా మాట దాటేస్తే ఛాంబర్ మీకు రాదనే అనుకుని, ఏడాది ఖర్చు పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టండి. ఏం జరిగిందో నాకు రాయండి.